హన్మకొండ, కాజీపేట, కొత్తవాడల్లో ఆరు చిన్న కచేరీలు: హాలు, శ్రుతి, మైకు, అనుమతుల గురించి సలహా కావాలి

రెండోశ్రుతి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బృందంలో ఐదుగురం. వీణ, వేణువు, వయొలిన్, చెల్లో (కుర్చీలో కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది), మృదంగం. వయొలిన్, చెల్లో వాయించే ఇద్దరూ పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు, స్టాఫ్ నొటేషన్ చూసి వాయిస్తారు. మిగతా ముగ్గురిదీ కర్ణాటక సంగీతం. మేం రాసుకున్న కొత్త రచనలు నాలుగు, త్యాగరాజ కీర్తనలు రెండు, పోతన పద్యాలకు కట్టిన ఒక రచన, చివర్లో బతుకమ్మ పాటల వరుసల మీద ఒకటి. ఇదీ కార్యక్రమం.

నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా ఆరు కచేరీలు చేద్దామనుకుంటున్నాం, టికెట్ లేకుండా. పెద్ద ఆడిటోరియంలు వద్దు. జనం ఉన్న చోటికే మేం పోవాలి. హన్మకొండలో రెండు అపార్ట్‌మెంట్ హాళ్లు, ఒక గ్రంథాలయంలో చదువుకునే గది, కాజీపేట రైల్వే కాలనీలో ఒకటి, కొత్తవాడలో ఒకటి, ఖిలా వరంగల్ దగ్గర ఒకటి అనుకున్నాం. ఒక్కోచోట 60 నుంచి 80 మంది వస్తారని అంచనా.

ఇప్పుడు చూసిన అపార్ట్‌మెంట్ హాలు 12 మీటర్ల పొడవు, 8 వెడల్పు, 4 ఎత్తు. కింద టైల్స్, గోడలకు నున్నటి పుట్టీ, పైన స్లాబు. చప్పట్లు కొడితే హాలంతా మోగుతోంది. దీన్ని ఎలా లొంగదీయాలి? మైకులు పెట్టాలా వద్దా? ఐదు వాయిద్యాలకూ ఏ శ్రుతి కుదురుతుంది? అనుమతులు ఎక్కడెక్కడ కావాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

గోడచప్పుడు

మైకు మాట తర్వాత. ముందు ఆ హాలు లెక్క చూడండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

12×8×4 అంటే 384 ఘనపు మీటర్లు. నేల, స్లాబు, నాలుగు గోడలు కలిపితే 352 చదరపు మీటర్లు. టైల్స్ గానీ పుట్టీ గోడ గానీ తన మీద పడ్డ శబ్దంలో నూటికి మూడు వంతులు మింగితే గొప్ప, మిగతాదంతా తిరిగి గదిలోకే కొడుతుంది. అంటే మొత్తం హాలులో శబ్దాన్ని మింగే వైశాల్యం దాదాపు 10.6 చదరపు మీటర్లు. మోత ఎంతసేపు నిలుస్తుందో సబీన్ సూత్రంతో తేలుతుంది: 0.161ని గది ఘనపరిమాణంతో గుణించి, మింగే వైశాల్యంతో భాగించాలి. ఖాళీ హాలుకి 5.8 సెకన్లు వస్తుంది. వీణ మీద ఒక గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) పూర్తయ్యేలోపు ముందు వాయించిన నాలుగు స్వరాలూ గాల్లోనే ఉంటాయి, అందుకే గందరగోళం.

ఇప్పుడు అందులో 80 మందిని కూర్చోబెట్టండి. బట్టలు కట్టుకుని కూర్చున్న మనిషి ఒక్కొక్కరు సుమారు 0.45 చదరపు మీటర్ల మేర శబ్దాన్ని మింగుతారు. 80 మందికి 36. మొత్తం 46.6 అయింది, మోత 1.3 సెకన్లకు దిగింది. ఐదు వాయిద్యాల బృందానికి అది చక్కటి గది. కచేరీ రోజు మీ పని చాలావరకు జనమే చేసిపెడతారన్నమాట.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, రిహార్సల్. ఖాళీ హాలులో సాధన చేస్తే తెలియకుండానే కాలప్రమాణం (లయ వేగం) తగ్గిస్తారు, మృదంగం చేయి కట్టేసుకుంటుంది. సాయంత్రం జనం నిండాక అదే వాయింపు పొడిగా, చప్పగా వినిపిస్తుంది. రెండోది, 80 అనుకున్నచోట 30 మందే వస్తే. అప్పుడు మోత 2.6 సెకన్ల దగ్గర ఆగిపోతుంది. అందుకని జనం మీదే భారం వేయకుండా గుడ్డ ఏర్పాటు ఉండాలి.

మన దగ్గర దానికి కావలసిన సరుకు ఊళ్లోనే నేస్తారు. కొత్తవాడ జంపఖానాలు (వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది) మందపాటి నూలువి. కానీ చాలామంది వాటిని నేల మీద పరిచి ఊరుకుంటారు. నేలకు అతుక్కున్న గుడ్డ పెద్దగా ఏమీ మింగదు, పై స్థాయి శబ్దాలను కాస్త తగ్గిస్తుందంతే. గోడకు జానెడు దూరంలో తాడు కట్టి, కుచ్చులు వచ్చేలా వేలాడదీస్తేనే ఫలితం. బిర్రుగా బిగించి కట్టొద్దు, తాడు మీద గుడ్డ వెడల్పును మూడింట రెండు వంతులకు కుదించండి. వేలాడదీశాక 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు వచ్చేలా రెండు తెరలు చేస్తే మరో 14 చదరపు మీటర్ల దాకా కలుస్తుంది. అప్పుడు ఖాళీ హాలులో కూడా మోత 2.5 సెకన్లకు వస్తుంది, నిండిన హాలులో 1 సెకను. రిహార్సల్‌కీ కచేరీకీ తేడా బాగా తగ్గుతుంది. నిండా జనం వచ్చారనుకోండి, ఒక తెర ఎత్తి కట్టేయండి. ఒక్క సెకను మోత వీణకు కొంచెం పొడిగానే ఉంటుంది.

ఎక్కడ కట్టాలన్నది ఇంకా ముఖ్యం. వాయించేవాళ్ల వెనక గోడ బోసిగానే వదిలేయండి, ఆ గోడే మీకు మైకు. ఒక తెర జనం వెనక గోడకు, రెండోది పక్క గోడల్లో ఒకదానికి. ఎదురెదురు బోసి గోడల మధ్య నిలబడి ఒక్క చప్పట కొడితే టకటకటకమని వినిపిస్తుంది చూడండి, అది పోవడానికి రెండింటిలో ఒక్క గోడ కప్పితే చాలు.

హాలులో మోగేవి ఇంకా ఉంటాయి. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటుంది. డి స్వరం, అంటే రెండు శ్రుతి, షడ్జమం (స) పెట్టుకుంటే ఆ మోత మంద్ర మధ్యమానికి (కింది స్థాయి మ) ఓ 35 సెంట్లు పైన పడుతుంది (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). ఆలాపన మధ్యలో అది చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. అలాంటి ట్యూబులు ఆర్పేసి ఎల్‌ఈడీ బల్బులు రెండు మూడు పెట్టుకోండి. వాటర్ కూలర్, ఫ్రిజ్ ప్లగ్గులు తీయించండి (కచేరీ అయ్యాక మళ్లీ పెట్టే బాధ్యత ఒకరికి అప్పగించండి). సీలింగ్ ఫ్యాన్ కింద వేణువు కూర్చుంటే రెక్కలు నాదాన్ని కోసినట్టు వణుకు వస్తుంది. మీ నెలల్లో ఫ్యాన్ లేకున్నా గడుస్తుంది.

ఆరుబయట మాత్రం చేయకండి. బయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు పోతాయి, తిరిగి కొట్టే గోడ ఉండదు. ఎనిమిది పది మీటర్లు దాటితే వీణ చేతి కదలికే కనిపిస్తుంది, నాదం వినపడదు. పైగా డిసెంబరులో చెరువుల పక్క మంచు పడితే మృదంగం మూతలు చెమ్మగిల్లి శ్రుతి దిగిపోతుంది.

మెట్లు24

శ్రుతి గురించి నేను చెప్తాను. రెండు శ్రుతి పెట్టుకోండి, అంటే డి. మీ పేరు కూడా అదే కాబట్టి బహుశా ఆ ఆలోచన మీకు ముందే ఉండి ఉంటుంది. కారణం సూటిగా ఉంది. వయొలిన్ తీగలు జి, డి, ఎ, ఇ. చెల్లోవి సి, జి, డి, ఎ. రెండింటిలోనూ డి, ఎ తీగలు వేలు పెట్టకుండానే షడ్జమం, పంచమం పలుకుతాయి. జి తీగ శుద్ధ మధ్యమం. వాళ్లు తీగలు దించక్కర్లేదు. వేణువుకు రెండు శ్రుతి వెదురు దొరుకుతుంది. మృదంగం తగ్గు శ్రుతిది తెచ్చుకోవాలి, హెచ్చు శ్రుతి మృదంగాన్ని బలవంతాన దించితే నాదం చచ్చిపోతుంది.

ఎలక్ట్రానిక్ తంబురా 293.7 హెర్ట్జ్ మీద పెట్టండి. అప్పుడు వయొలిన్ ఎ తీగ 440 దగ్గరే నిలుస్తుంది. రెండు సెంట్ల తేడా ఉంటుంది, అది చెవికి తెలియనంత చిన్నది.

గాంధారం దగ్గర జాగ్రత్త. పియానో పక్కన సాధన చేసినవాళ్లకు అంతర గాంధారం షడ్జమానికి 400 సెంట్ల మీద అలవాటు. తంబురాతో కలిసి పలికే గాంధారం 386. ఆ 14 సెంట్ల తేడా ఒక్క వయొలిన్‌లో తెలియదు. వీణ, చెల్లో కలిసి అదే స్వరం పట్టుకున్నప్పుడు అలలు కొట్టినట్టు వణుకుతుంది. వీణ మెట్టు మైనంలో దిగబడి ఉంటుంది, కచేరీ మధ్యలో కదలదు. వయొలిన్, చెల్లోల మీద వేలు కదులుతుంది. కాబట్టి కలిసి పట్టే స్వరాలన్నిటికీ వీణే ప్రమాణం. రిహార్సల్‌లో తొలి పది నిమిషాలు తంబురా పెట్టుకుని స ప గ మూడే స్వరాలు, పొడుగ్గా, ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు చేరుతూ పట్టండి. ఆ పది నిమిషాలు తగ్గించుకోవద్దు.

వేడి సంగతి. గదిలో ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే వేణువు సుమారు 3 సెంట్లు పైకి పోతుంది, ఎందుకంటే వేడి గాలిలో శబ్దం వేగం పెరుగుతుంది. లోహపు తీగలు అదే వేడికి సాగి కిందికి దిగుతాయి. అంటే ఇద్దరూ చెరో దిక్కు. సాయంత్రం 20 డిగ్రీలున్న హాలు 80 మంది చేరేసరికి 25, 26కు వస్తే వేణువు ఒక్కటే 15 నుంచి 18 సెంట్లు జరుగుతుంది. ముందే శ్రుతి చేసి గదిలో ఎదురుచూస్తే లాభం లేదు. జనం కూర్చున్నాక పది నిమిషాలు ఆగి, వేణువులో ఊపిరి పోసి వెచ్చబెట్టి, అప్పుడు శ్రుతి చేయండి. రెండో అంశం తర్వాత మరోసారి. జనం ముందు శ్రుతి చేయడం తప్పేమీ కాదు. ఆ నిమిషంలో ఎవరో ఒకరు ఏం జరుగుతోందో రెండు మాటల్లో చెప్తే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు.

వీణను కారు డిక్కీలో మధ్యాహ్నం ఎండలో పెట్టకండి, ఫిబ్రవరిలో కూడా. మైనం మెత్తబడితే ఒకటి రెండు మెట్లు వెంట్రుకవాసి పక్కకు జరుగుతాయి, అది చాలు. కూర్చునే సీటు మీద పెట్టి, నూలు దుప్పటి కప్పి తీసుకెళ్లండి.

మైక్‌సెట్_కాజీపేట

గోడచప్పుడు అన్న చెప్పిన లెక్క మంచిగుంది. ఐతే మైకు అస్సలు వద్దు అంటే నేను ఒప్పుకోను. వయొలిన్, చెల్లో, వేణువు, మృదంగం: ఈ నాల్గింటికి 80 మంది గదిల మైకు అక్కర్లేదు, అది నిజం. వీణ ముచ్చట వేరే. మీటినప్పుడు గింత శబ్దం వచ్చి ఎంటనే తగ్గిపోతది. చెల్లో ఒక్క కమాను లాగితే వీణ మింగబడ్డట్టే. అందుకని వీణకు ఒక్కటే మైకు, చిన్న స్పీకరు ఒక్కటే, అది కూడా వీణ పక్కన్నే, మోకాలంత ఎత్తుల. జనానికి స్పీకరు ఉన్నదని తెల్వద్దు. ఏ దిక్కు నుంచి చెయ్యి కదులుతున్నదో ఆ దిక్కు నుంచే నాదం రావాలె.

మైకు వీణ దండి మీద కాదు, కుండ (గుండ్రటి బుర్ర) మీద గాలిరంధ్రాల దగ్గర ఒక జానెడు పైన పెట్టున్రి. మరీ దగ్గరపెడితే గోరు గీసిన చప్పుడే వస్తది. మిక్సర్ల 80 హెర్ట్జ్ కింద కట్ చేయున్రి. మైకు లేకుండ వాయించి, హాలు ఎనక వరుసల కూర్చున్న మనిషికి వీణ అందుతలేదు అన్న దగ్గర మొదలుపెట్టి, "ఇప్పుడు వినొస్తున్నది" అన్న దగ్గర ఆపున్రి. ఇంక పెంచొద్దు.

మైక్‌సెట్ కిరాయికి తెస్తే ముందే చెప్పున్రి: ఎకో తీసెయ్యాలె, బాస్ పెంచొద్దు, మధ్యల చెయ్యి పెట్టొద్దు. పెండ్లిళ్లకు పోయి పోయి ఎకో పెట్టుడు అలవాటైతది, తప్పు వాళ్లది కాదు. కాయితం మీద రాసిస్తే గౌరవంగ వింటరు.

గుంయ్ మని మోత వస్తే చానమట్టుకు కారణం ఒక్కటే. మిక్సరు ఒక ప్లగ్గుల, స్పీకరు ఇంకో గోడ ప్లగ్గుల పెట్టుడు. రెండు ఎర్తుల మధ్య తేడా ఉంటే 50 హెర్ట్జ్ మోత పుడతది. అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోవాలె, మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలె, ఎర్త్ పిన్ను ఇరగ్గొట్టిన బోర్డు వాడొద్దు. ఎక్స్‌ఎల్‌ఆర్ తీగనే (మూడు పిన్నుల మైకు తీగ) వాడున్రి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీదికి పడంగనే కొన్ని స్పీకర్లు బుర్రుమంటయి. అందుకే ఒక మనిషి స్పీకరు బటను దగ్గర్నే ఉండాలె. కరెంటు పోయినంక కూడ వాయిద్యం ఆగద్దు. మైకు మీద ఆధారపడకుండ రిహార్సల్ చేస్తే ఇది కష్టం కాదు.

లైట్ల గురించి ఒక్క మాట. కిటికీలు తెరిచి, వాయించేటోళ్ల నెత్తి మీద తెల్ల లైటు పెడితే పురుగులు నేరుగా నొటేషన్ కాయితాల మీద పడతయి, కమాను మీద వాల్తయి. పసుప్పచ్చ బల్బు పెట్టి, ఇంకో తెల్ల లైటు కిటికీ అవతల వరండాల ఎలిగియ్యున్రి. పురుగులన్నీ ఆడికే పోతయి.

గోడచప్పుడు

వీణకు ఒక్క స్పీకరు అన్న మాట ఒప్పుకుంటున్నాను, మోకాలి ఎత్తున, పక్కనే అన్న షరతుతో. కానీ ఆ స్పీకరు పెట్టగానే లౌడ్‌స్పీకర్ అనుమతి మాట వస్తుంది. అది తెలిసినవాళ్లు చెప్పాలి.

దరఖాస్తుదారు

శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మూసిన హాళ్లలో తప్ప వాడకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్‌లు, రాత్రికి 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం, అక్కడ 50, 40. పాత వరంగల్ వైపు వేదిక చూసేటప్పుడు ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల కాకుండా చూసుకోండి. మోకాలెత్తు స్పీకరు అయినా సరే, పది రోజుల ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. తేదీ, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, హాలు అడ్రసు, ఎంతమంది, ఒకే స్పీకరు అని రాయండి. హాలు సంఘం ఇచ్చిన ఒప్పుకోలు లేఖ జతచేయండి. మైకు పూర్తిగా లేని కచేరీలకు ఈ పని ఉండదు. గ్రంథాలయం గదిలో, నన్ను అడిగితే, మైకు లేకుండానే చేయండి.

ఖిలా వరంగల్ గురించి. కోటలో కీర్తి తోరణాలున్న ఆవరణ, అలాగే వేయిస్తంభాల గుడి, రామప్ప కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. లోపల ఏ కార్యక్రమానికైనా ఆ శాఖ లిఖిత అనుమతి కావాలి, దానికి సమయం పడుతుంది. మొదటి ఏడాది దాని జోలికి పోకుండా కోట గ్రామంలోనే ఏదైనా సంఘం హాలు, బడి గది చూసుకోండి. వినాల్సిన జనం ఆ ఇళ్లల్లోనే ఉన్నారు.

తేదీలు. ఫంక్షన్ హాలు పక్కన అపార్ట్‌మెంట్ అయితే ముందు పంచాంగం తెరవండి. ముహూర్తం ఉన్న రాత్రి బరాత్ డీజే మీ గేటు ముందు నుంచే పోతుంది, దానికి ఏ జంపఖానా అడ్డుకాదు. సంక్రాంతి వారం ఐనవోలు మల్లన్న జాతర, ఊళ్లకు పోయేవాళ్లు పోతారు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల్లో, మాఘ పౌర్ణమి చుట్టూ నాలుగు రోజులు. ఆ వారం, దాని ముందు వారం కూడా హన్మకొండ దారులన్నీ జాతర బస్సులవే. డిసెంబరు చివరి వారం కాజీపేట ఫాతిమానగర్ వైపు క్రిస్మస్ రద్దీ. ఫిబ్రవరి రెండో సగం ఇంటర్ పిల్లలున్న ఇళ్లు తలుపులు వేసుకుంటాయి. లెక్కేస్తే మీకు మిగిలే మంచి ఆదివారాలు తొమ్మిదో పదో.

సమయం 6:30 పెట్టండి. డిసెంబరులో మన దగ్గర 5:40 ప్రాంతంలో సూర్యాస్తమయం, మగ్రిబ్ అజాన్ అప్పటికి అయిపోతుంది. ఇషా (రాత్రి నమాజు) అజాన్ ఎప్పుడో దగ్గర్లోని మసీదులో ముందే కనుక్కుని ఆ సమయానికి రెండు అంశాల మధ్య విరామం వచ్చేలా అమర్చుకోండి. మొత్తం 60 నిమిషాలు దాటొద్దు. 7:40కి చివరి మనిషి గేటు దాటితే పెద్దవాళ్లు మళ్లీ వస్తారు.

హక్కులు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. త్యాగరాజు (1767–1847), పోతన రచనలకు ఆ చిక్కు లేదు. అయితే వాటిని ఇంకొకరు ఈ మధ్య వాయిద్య బృందానికి అమర్చి అచ్చు వేసి ఉంటే ఆ అమరికకు హక్కు ఉంటుంది. మీరే అమర్చుకున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. ముందు ముందు ఎవరైనా కాళోజీ కవిత అడుగుతారు, ఖాయంగా అడుగుతారు. ఆయన 2002లో పోయారు, అంటే 2062 చివరిదాకా వారసుల అనుమతి కావాలి. దాశరథి కృష్ణమాచార్య 1987, కాబట్టి 2047 చివరిదాకా. డబ్బు తీసుకోకుండా ఔత్సాహిక సంఘం చేసే ప్రదర్శనకు చట్టంలో 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది గానీ, స్పాన్సరు వచ్చి కళాకారులకు పారితోషికం ఇచ్చిన రోజు అది వర్తిస్తుందని ధీమాగా కూర్చోకండి. ఒక లేఖ రాసి అనుమతి తెచ్చుకోండి. వీడియో నెట్‌లో పెట్టడం దీనికంటే వేరే హక్కు, అదీ ఆ లేఖలోనే అడగండి. విదేశీ జీవించి ఉన్న స్వరకర్తల స్కోరు (రచన స్వరలిపి ప్రతి) కొన్నంత మాత్రాన ప్రదర్శన హక్కు రాదు. స్కోర్లు ఉచితంగా దొరికేవి ఉన్నాయి. అమెరికాలో 1973 నుంచి ఉన్న క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురి బృందం కొత్తగా రాయించిన 50 రచనలను తమ సైట్‌లో అలా పెట్టింది. కానీ అవి రెండు వయొలిన్లు, వియోలా, చెల్లోకు రాసినవి. వీణకు మార్చుకోవాలంటే మళ్లీ అడగాల్సిందే.

రెండోశ్రుతి

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. జంపఖానాల లెక్క చూశాక మా వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. కొత్తవాడలో నేసేవాళ్లనే అడిగి తెరలు కిరాయికి తీసుకుంటాం, వాళ్ల ముందే వాయిస్తాం.

ఇంకో మూడు సందేహాలు. మృదంగం మిగతా నలుగురినీ కప్పేస్తోంది. నొటేషన్ రెండు రకాలు కావడంతో రిహార్సల్‌లో "ఎక్కడి నుంచి?" అన్న దగ్గరే అరగంట పోతోంది. చెల్లో కిందున్న ఇనుప మొన గ్రానైట్ మీద జారుతోంది.

మెట్లు24

మృదంగం సంగతి. కచేరీల్లో మృదంగం కుడి మూత జనం వైపు ఉంటుంది, గాత్రానికి పక్కవాద్యంగా అది సరైన పద్ధతే. ఇక్కడ ఐదుగురూ సమానం కాబట్టి అర్ధచంద్రాకారంలో కూర్చుని, మృదంగాన్ని మీటరు వెనక్కి, కుడి మూత చెల్లో వైపు ఏటవాలుగా తిప్పండి. తెర గుడ్డ మిగిలితే ఆ వైపు గోడకు వేయండి. ఎడమ మూత మీద రవ్వ ముద్ద కొంచెం పెద్దదిగా వేస్తే గుమ్కీ (ఎడమ మూత గుమ్మనే నాదం) ఇంకా కిందికి దిగి, మోత పొట్టిగా తెగుతుంది. ఎండ కాలం కాకపోయినా రవ్వ గంటలో ఎండి రాలుతుంది, తడిబట్ట దగ్గర ఉంచుకోవాలి. ఇవేవీ చాలకపోతే అది వాయింపు సమస్య కాదు, రచన సమస్య. అంతసేపూ మృదంగం ఎందుకు మోగాలి? కొత్త రచనల్లో మూడో వంతు మృదంగం మౌనంగా ఉండేలా రాస్తే, అది తిరిగి వచ్చినప్పుడు గది వెలిగినట్టు ఉంటుంది.

చెల్లో, వీణల మధ్య కూడా ఇదే సమస్య, మైక్‌సెట్ గారు చెప్పింది నిజం. రెండు శ్రుతికి వీణ సారణి తీగ, చెల్లో డి తీగ ఒకే స్థాయి. కమాను నాదం నిలుస్తుంది, మీటు నాదం తరుగుతుంది, అందుకే వీణ ఓడిపోతుంది. వీణ మంద్ర స్థాయిలో ఉన్నంతసేపు చెల్లోకు మూడు దారులే రాయండి: మౌనం, వేలితో మీటడం, లేదా వీణకు ఒక స్థాయి పైన సన్నగా ఒకే స్వరం. వయొలిన్, చెల్లోల గుర్రానికి (తీగలను మోసే చెక్క) తగిలించే రబ్బరు మ్యూటు కూడా వాడండి, బిగ్గరతనంతో పాటు కమాను గీరుడు కూడా తగ్గుతుంది.

నొటేషన్‌కు మందు ఆవర్తనాల (తాళం ఒక్కో పూర్తి చుట్టు) సంఖ్య. స్టాఫ్ కాగితం మీదా స్వరాల కాగితం మీదా ప్రతి ఆవర్తనం మొదట్లో ఒకే అంకె ఎర్రసిరాతో వేయండి. ఆదితాళం ఒక ఆవర్తనం అంటే స్టాఫ్ నొటేషన్ వాళ్లకు 4/4లో రెండు బార్లు (గీతల మధ్య గళ్లు). కాబట్టి బార్ నంబర్లు పూర్తిగా కొట్టేసి ఆవర్తనం అంకె ఒక్కటే ఉంచాలి, రెండూ ఉంటే గందరగోళం రెట్టింపవుతుంది. మిశ్రచాపు 7/8, లోపల 3+2+2 అని విడదీసి రాయండి. ఖండచాపు 5/8, 2+3. పాట సమం (తాళం మొదటి దెబ్బ) మీద కాకుండా తర్వాత ఎత్తుకునే అనాగతం ఉన్న కీర్తనలో, పాశ్చాత్య కాగితం మీద తొలి బారులో విరామ చిహ్నాలు తప్పకుండా వేయాలి. చాలామంది ఆ ఖాళీని వదిలేసి ఎత్తుగడనే ఒకటో లెక్కగా రాస్తారు. మొదటి ఆవర్తనం బాగానే పోతుంది, తనియావర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) తర్వాత తిరిగి ఎత్తుకునేటప్పుడు ఒకరు సమం మీద, ఒకరు ఎత్తుగడ మీద పడతారు. కాగితాలు ఎ3 సైజులో, ఒక అంశం రెండు పేజీలు దాటకుండా. బట్టల క్లిప్పులు నాలుగు ఒక్కో స్టాండుకు.

మైక్‌సెట్_కాజీపేట

చెల్లో మొనకు: చెప్పుల షాపుల పాత రబ్బరు సోలు అరచేయంత ముక్క కోసి, నడుమ చిన్న గుంట చేయున్రి. దానికి పాత బెల్టు కుట్టి, బెల్టు రెండో కొన వాయించేటాయన కుర్చీ ముందు కాలుకు ఏసి బిగియ్యాలె. రబ్బరు ఒక్కటే పెడితే దుమ్ము పట్టిన గ్రానైట్ మీద పావుగంటకు జారుడు షురువైతది, బెల్టు ఉంటే కుర్చీ బరువు ఆపుతది. కుర్చీ చేతుల్లేనిది, ప్లాస్టిక్‌ది వద్దు, అది వంగుతది. స్కూలు కర్ర కుర్చీ అడుగున్రి. అసల్ది చెప్పాల్నంటే ఆరు హాళ్లకు ఒకే కుర్చీ ఆటోల ఏస్కొని పోవుడే మంచిది. ఎత్తు మారితే మోచెయ్యి కోణం మారుతది, కమాను మారుతది.

దరఖాస్తుదారు

కొత్తవాడలో మగ్గాలు ఏ పూట ఆగుతాయో ముందు కనుక్కోండి. పవర్‌లూమ్ షెడ్డు గోడ పక్కనే హాలు అయితే ఆ రోజు సెలవు ఉన్న సాయంత్రమే కుదురుతుంది. తెరలు కచేరీకి ముందురోజే కట్టేసి, ఆ రాత్రే ఒకసారి వాయించి చూసుకోండి.